పలకలో లేని మనిషి

ఆదివారం

కాలవ లాకు డ్యూటీ పుస్తకంలో రోజూ ఏదో ఒకటి రాయాలని రూలు. పలకలు రాకముందు పెట్టిన రూలు అది, తర్వాత ఎవరూ తీసెయ్యలేదు. ఇప్పుడు రాయడానికేముంది? రేపు ఏం జరుగుతుందో ఇవాళ పొద్దున్నే పలక చూపిస్తుంది, రేపు అదే జరుగుతుంది. నాకు ముందు ఇక్కడ పనిచేసినాయన ప్రతి పేజీలోనూ "అనుకున్నట్టే" అని ఒక్క మాట రాసి సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. నేనూ ఇన్నాళ్ళూ అంతే. ఇవాళ ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని ఇది రాస్తున్నాను.

ఇవాళ మా ఆయనకు ముందుసాగనంపు చేశాం.

చావు కబురు ఒక్కటి మాత్రం పలక చాలా రోజుల ముందే చెబుతుంది. వచ్చే అమావాస్య నాటికి ఆయన గుండె ఆగిపోతుందని మొన్న పలకలో వచ్చింది. మా కొత్తదీవిలో చావు కబురు పలకలో వచ్చాక ఎవరూ ఆ రోజుదాకా ఆగరు. చుట్టాలంతా ముందే చేరి, ఏడవాల్సింది ఏడ్చి, భోజనాలు చేసి, పోబోయే మనిషి కంచమూ మంచమూ పంచుకుని వెళ్తారు. అసలు రోజున ఎవరూ ఏడవరు, ఎవరి పనీ ఆగదు. ఇది నాగరికం అంటారు. కాదనడానికి నేనెవర్ని? ఎన్ని సాగనంపులకు వెళ్ళి ఏడ్చి రాలేదు!

మా ఆయన, అంటే శేషగిరి, పీట మీద కూర్చుని అందరి ఏడుపూ ఓపిగ్గా విన్నాడు. మధ్యలో దగ్గొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు, ఏడ్చేవాళ్ళకు అడ్డు రాకూడదని. ఆయన అక్క కోటేశ్వరమ్మ వదిన అందరికన్నా గట్టిగా ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, తమ్ముడి కంచం చంకలో పెట్టుకుని బయల్దేరింది. సాగనంపాక మనిషిని పేరు పెట్టి పిలవకూడదు, ఎదురుగా మాట్లాడకూడదు. భార్యకు మాత్రం అవసరమైన మాటల వరకు వెసులుబాటు ఉంది. గడప దగ్గర ఆగి వదిన నాతో అంది:

"అమ్మాయ్ నాంచారీ, వాడికి ఇక ఇస్తరాకులో పెట్టు. చాపెయ్యి. ఎక్కువ మాట్టాడమాక, మళ్ళీ అలవాటైపోద్ది."

అందరూ వెళ్ళాక ఆయన పీట మీంచి లేచి నడుం విరుచుకున్నాడు.

"మా అక్క భలే ఏడ్చిందే. నేనింత మంచోణ్ణని నాకే తెలీదు," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. నాకు మామూలు రోజుల్లోనే నవ్వు తక్కువ. పలక ముందు కూర్చుని రేపటిని ఒకసారి, ఎల్లుండిని ఒకసారి, మళ్ళీ రేపటిని ఇంకోసారి చూసుకోకపోతే అన్నం మింగుడు పడని మనిషిని నేను. భయం నా ఒంట్లోనే పుట్టింది, పలక దానికి మేత వేసింది.

గురువారం

నా పని చెప్పాలంటే చాలా సులువు. సముద్రం వైపు ఒక తలుపు, ఊరి కాలవ వైపు ఒక తలుపు. పోటు వచ్చేటప్పుడు సముద్రం తలుపు దించాలి, లేకపోతే ఉప్పునీళ్ళు నారుమళ్ళలోకి వస్తాయి. పడవ వస్తే తలుపు ఎత్తాలి. పడవ ఎప్పుడొస్తుందో, పోటు ఎప్పుడొస్తుందో పలకలో ఉంటుంది గనక, మేం నీళ్ళను చూడం. నీళ్ళకు వీపు పెట్టి, పలక వైపు ముఖం పెట్టి కూర్చుంటాం. ఎండ పలక మీద పడి బొమ్మ సరిగా కనపడటం లేదని గదిలో కిటికీకి ఎప్పుడో అట్ట కొట్టేశారు. మంచి లాకు మనిషంటే తల తిప్పకుండా తలుపు దించేవాడని మాలో పేరు.

మా ఆయనకు చెయ్యడానికి పనేమీ మిగల్లేదు. వలలు తమ్ముళ్ళు పట్టుకుపోయారు. చిన్న పడవ ఒక్కటే, పాతదని ఎవరూ అడగలేదు. అందులో రోజూ సముద్రంలో ఉన్న దిబ్బకు వెళ్తున్నాడు. అక్కడ ఒక భిక్షుణి ఉంటుంది. ఆవిడకు పలక లేదు, పలక మీద కోపమూ లేదు. ఊళ్ళోవాళ్ళు ఆవిణ్ణి పట్టించుకోరు.

"ఏం చేస్తావు మావా అక్కడ?"

"ఊపిరి చూస్తన్నా."

"ఊపిరి చూడ్డమేంటి? దాన్ని పీల్చి వదిలితే సరిపోదూ?"

"అదే. పీల్చేటప్పుడు పీలుస్తున్నానని తెలవాలి, వదిలేటప్పుడు వదుల్తున్నానని తెలవాలి. నువ్వనుకున్నంత సులువేం కాదులే. ఓ నాలుగు ఊపిర్లు చూసేసరికి మనసు చేపల రేటు మీదకి పోద్ది. మళ్ళీ పట్టుకు రావాలి."

చావబోయే మనిషికి చేపల రేటెందుకు అనబోయి నాలుక కరుచుకున్నాను. ఒళ్ళు మండింది నాకు. అమావాస్య ముందు పెట్టుకుని ఇంట్లో కూర్చోకుండా దిబ్బ మీద ఊపిరి చూస్తాడట. నాకిక్కడ ఊపిరాడటం లేదు.

అమావాస్య మర్నాడు

చావలేదు.

నిన్నంతా చాప పక్కనే కూర్చున్నాను. సాయంత్రానికి ఆయనే విసుగెత్తి, "నువ్వలా చూస్తంటే చచ్చేవాడికి కూడా మొహమాటంగా ఉంటదే," అని అటు తిరిగి నిద్రపోయాడు. ఇవాళ పొద్దున లేచి, పళ్ళు తోముకుని, సద్దన్నంలోకి ఉల్లిపాయ ఉందా అని అడిగాడు. ఉల్లిపాయ తరుగుతూ ఏడ్చాను. అది ఉల్లిపాయ ఏడుపేనని ఆయనకు చెప్పాను.

వదిన వచ్చింది. గుమ్మంలో నిలబడి, తమ్ముడు కనిపిస్తున్నా కనిపించనట్టే నన్నడిగింది:

"ఏందమ్మాయ్ ఇది? ఊరందరితో ఏడిపించి ఇప్పుడీ పని ఏంది? నలుగురిలో తలెత్తుకోనిస్తాడా లేదా అడుగు వాణ్ణి."

"నాదేం లేదని చెప్పవే మా అక్కకి. నేను వెళ్ళడానికి తయారుగానే ఉన్నా," అన్నాడు ఆయన, నావైపే చూస్తూ.

ఇద్దరూ మూరెడు దూరంలో ఉన్నారు. మధ్యలో నేనొక గొట్టం.

పలకల ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమస్తా మర్యాదస్తుడే. సాగనంపు జరిగిన రోజే మా ఆయన లెక్క మూసేశారని, మూసిన లెక్క తెరవడానికి దారి లేదని చెప్పాడు. "పలక తప్పు చెప్పదు కదా!" అన్నాను. "చాలా అరుదమ్మా. మీరేం కంగారు పడకండి. ఇలాంటి తేడా ఎక్కువ రోజులు ఉండదు, అదే సర్దుకుంటుంది," అన్నాడు నన్ను ఓదారుస్తూ.

తేడా అంటే మా ఆయన బతికుండటం. బయటికొచ్చాక గానీ నాకది వెలగలేదు.

మంగళవారం

ఇప్పుడు నా కష్టం ఇది. పలకలో రేపటి బొమ్మ చూస్తాను. మా వంటిల్లు కనిపిస్తుంది, పొయ్యి కనిపిస్తుంది, నేను ఒక్కదాన్నే కూర్చుని తింటూ కనిపిస్తాను. చాప లేదు, ఇస్తరాకు లేదు, ఆయన లేడు. లెక్క మూసేశారు గనక లేడా, రేపటికి నిజంగానే లేకుండా పోయాడు గనక లేడా? రెండింటికీ బొమ్మ ఒకటే. పొద్దున చూస్తాను, మధ్యాహ్నం చూస్తాను. బొమ్మలో నా కళ్ళు ఉబ్బి ఉన్నాయా అని దగ్గరికి పెట్టుకుని చూస్తాను. ఒకరోజు నవ్వుతూ కనిపించాను. ఎవరితో నవ్వుతున్నానో కనపడలేదు. ఆ నవ్వు చూసి రోజంతా వణికాను.

దీనికి తోడు ఊళ్ళో గొడవ. పలకలో లేని మనిషి ఊళ్ళో తిరిగితే అందరి రేపులూ చెడుతున్నాయి. ఆయన టీకొట్లో టీ తాగితే, టీ తాగుతున్నట్టు పలకలో కనపడ్డ పెద్దమనిషికి పాలు చాల్లేదు. ఆయన రేవులో నిలబడి ఎవరితోనో వాతావరణం గురించి గొణిగితే, ఆ మనిషికి పడవ తప్పిపోయింది. పడవ తప్పినందుకు పెళ్ళిమాటలు తప్పాయి. ఒక్కొక్కరూ మా ఇంటికి వచ్చి నాతో చెప్పిపోతున్నారు. వచ్చే పున్నమి లోపల ఆయన్ని దిబ్బకే పంపెయ్యమని, తిరిగి రానివ్వద్దని, లేకపోతే లాకులో నా ఉద్యోగం గురించి ఆలోచించాల్సి ఉంటుందని పెద్దలు కబురు పెట్టారు. కబురు తెచ్చింది వదినే.

"మంచికే చెప్తన్నారమ్మాయ్. వాడక్కడ సుఖంగా ఉంటాడు. నీకూ ఎదురుచూపు తప్పుద్ది," అంది. అంటున్నప్పుడు మాత్రం చూపు ఆయన చాప మీదకే పోయింది ఆవిడకి.

శుక్రవారం

సెలవు పెట్టి దిబ్బకు వెళ్ళాను, ఆయన పడవలోనే. భిక్షుణి పేరు సుమేధ. ముసలావిడ. సముద్రం పొంగిన రోజుల్లో వాళ్ళ అమ్మమ్మ చైనా తీరం నుంచి పడవలో కొట్టుకొచ్చిందట. బుద్ధుడు చెప్పిన ఊపిరినీ, అమ్మమ్మ చెప్పిన దారినీ, తావో అంటారట వాళ్ళు, రెండిటినీ కలిపేశానని నవ్వుతూ చెప్పింది. "పండితులు ఒప్పుకోరు తల్లీ. అదృష్టంకొద్దీ దిబ్బ మీద పండితులెవరూ లేరు."

జావ ఇచ్చింది. మా ఆయన కింద మెట్ల దగ్గర గిన్నెలు కడుగుతున్నాడు. నేను సూటిగానే అడిగాను.

"అమ్మా, రేపు ఉంటాడో లేదో తెలియకుండా ఇవాళ ఎట్లా బతకమంటారు? నాకు చేతకావడం లేదు. అసలు మీకు భయం వెయ్యదా?"

"వేస్తుంది. వచ్చి కూర్చుంటుంది, కాసేపటికి లేచిపోతుంది. దాన్ని పొమ్మని నేననను, భోజనానికి ఉండమనీ అనను. సరేగానీ, ఇవాళ పొద్దున మీ ఆయన ఏ చొక్కా వేసుకున్నాడు?"

నేను మెట్ల వైపు తల తిప్పబోయాను.

"ఇప్పుడు చూసి చెప్పడం కాదు తల్లీ."

గుర్తు రాలేదు. పడవలో ఎదురుగా కూర్చుని వచ్చాను, దారిపొడుగునా ఆయన గురించే ఆలోచించాను, కానీ చొక్కా గుర్తు రాలేదు. రేపటి బొమ్మలో నా చీర అంచు ఏ రంగో మాత్రం తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఏడుపొచ్చింది, ఇది ఉల్లిపాయ ఏడుపు కాదు. ఆవిడ ఓదార్చలేదు. జావ చల్లారిపోతోందని మాత్రం గుర్తు చేసింది.

వచ్చేటప్పుడు అంది: "నీళ్ళు ఉన్నాయి చూడు, రేపు పల్లం వస్తుందని ఇవాళే కంగారుపడి దిగవు. పల్లం వచ్చినప్పుడు దిగుతాయి. అంతవరకు ఇక్కడ ఉంటాయి. మా అమ్మమ్మ ఇంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఎక్కువ చెబితే చెడిపోతుందనేది."

ఇది విని నా భయం పోయిందని రాస్తే అబద్ధం. పడవ దిగేసరికి మళ్ళీ వచ్చి కూర్చుంది.

సోమవారం

ప్రయత్నిస్తున్నాను. పలకకు దుప్పటి కప్పి ఆయన్నే చూస్తున్నాను. తింటుంటే చూస్తున్నాను, పడుకుంటే ఛాతీ లేస్తోందా పడుతోందా చూస్తున్నాను, స్నానానికి వెళ్తే తలుపు బయట నిలబడుతున్నాను. ఈ క్షణంలో ఉండమన్నారుగా, ఉంటున్నాను. ఒళ్ళు హూనమైపోతోంది.

ఇవాళ పొద్దున ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయాడు.

"నాంచారీ, నువ్వు నన్ను చూట్టంలేదే. కాపలా కాస్తన్నావు."

"రెండూ ఒకటే కదా మావా!"

"కాదు. కాపలా కాసేవాడు దొంగ కోసం చూస్తాడు. ఇంట్లో ఏవున్నాయో చూడడు."

ఎంత మాటన్నాడు! కోపమొచ్చింది. విసురుగా మజ్జిగ పోశాను, ఇస్తరాకులోంచి కారి నేల మీదకి పోయింది. అది పారుతూ వచ్చి ఆయన కాలివేళ్ళకు తగిలింది. ఆయన వేళ్ళు ముడిచి, "చల్లగా ఉందే," అన్నాడు హాయిగా. ఆ పాదం మీద పాత మచ్చ ఒకటుంది, గాలం దిగినప్పటిది. పెళ్ళినాటి నుంచీ ఉంది. ఇవాళ దాన్ని చూశాను. ఎందుకోగానీ, కాసేపు, ఆ మజ్జిగ తుడిచేంతసేపు, నాకు భయం గుర్తు రాలేదు. గుర్తు రాలేదని గుర్తొచ్చాక మళ్ళీ వచ్చింది.

సాయంత్రం దుప్పటి తీసి పలక చూశాను. ఉండబట్టలేకపోయాను. రేపటి బొమ్మలో లాకు, పెద్ద పోటు, తలుపు వేళకు దిగడం, ఊరి నారుమళ్ళు పచ్చగా, పొడిగా. పడవ ఒక్కటీ లేదు.

మంగళవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున ఆయన దిబ్బకు వెళ్ళాడు. మధ్యాహ్నం పలక గంట మోగింది: తలుపు దించే వేళ. అలవాటుగా చక్రం మీద చెయ్యి వేశాను. పలకలో లాకు ఖాళీగా ఉంది. కానీ ఆయన ఎక్కడున్నా పలకలో ఖాళీగానే ఉంటుంది కదా! దిబ్బ మీద ఉన్నాడో, దారిలో ఉన్నాడో, సరిగ్గా ఈ తలుపు కిందే ఉన్నాడో, పలకకు తెలియదు. తెలియాలంటే చూడాలి. చూడ్డానికి కిటికీ లేదు.

అట్ట ఊడబీకాను. గోళ్ళు విరిగాయి. చాలక బయటికే పరిగెత్తి తలుపు మీది వంతెన ఎక్కాను. ఇన్నేళ్ళుగా లాకులో పనిచేస్తూ పోటును కళ్ళతో చూడటం అదే మొదలు. గోధుమరంగు నీళ్ళు, నురగ, పెద్ద చప్పుడు. అప్పటికే కొంచెం కొంచెం కాలవలోకి దూరుతున్నాయి. గదిలో పలక గంట ఆపకుండా కొడుతోంది. ఎండ కళ్ళల్లో పడుతోంది. పడవ కనపడలేదు.

ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. తలుపు దించితే నారు బతుకుతుంది, ఊరు బతుకుతుంది. ఆయన బయట ఉంటే తలుపుకు కొట్టుకుని పోతాడు. ఆయన దిబ్బ మీదే భద్రంగా ఉంటే, ఊరికే ఊరిని ముంచిన పిచ్చిదాన్నవుతాను. నా బతుకులో ఎప్పుడూ అంత భయపడలేదు. అయినా ఆ భయంలో ఒక్కసారి కూడా రేపటి మీదకు మనసు పోలేదు. పోవడానికి చోటు లేదు. నీళ్ళు ఉన్నాయి, నేను ఉన్నాను, కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అంతే ఉంది అక్కడ.

అప్పుడు కనపడ్డాడు. తెల్ల చుక్కల నీలం చొక్కా. చేతులు పీకేలా తెడ్డు వేస్తున్నాడు, పడవ అడ్డం తిరుగుతోంది. ఆ గుండెతో అలా వేస్తే తలుపు దాకా రాడని ఇక్కడి నుంచే తెలుస్తోంది.

"వెయ్యి మావా! గట్టిగా వెయ్యి!" అని అరిచాను.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. తెడ్డు తీసి పడవలో పెట్టేశాడు. రెండు చేతులూ అంచుల మీద వేసి కదలకుండా కూర్చున్నాడు.

నా గుండే ఆగిందనుకున్నాను. కానీ పడవ అడ్డం తిరగడం మానేసింది. లోపలికి తోసుకొస్తున్న నీళ్ళే దాన్ని ముక్కు ముందుకు తిప్పి, తలుపు కిందుగా లాకు దాటించి, కాలవలోకి తీసుకుపోయి ఒడ్డుకు కొట్టాయి. ఆ దెబ్బకు ఆయన నీళ్ళలో పడ్డాడు, మోకాలి లోతులోనే. నేను గదిలోకి పరిగెత్తి చక్రం మీద పడి తలుపు దించేశాను. అప్పటికే ఉప్పునీళ్ళు కాలవ పక్క మళ్ళన్నిటినీ ముంచాయి. అందులో మొదటిది కోటేశ్వరమ్మ వదినది.

ఆయన్ని గట్టుకు లాగి కూర్చోబెట్టాను. పెదాలు నీలంగా ఉన్నాయి, ఊపిరి పైపైనే ఉంది. ఊరు ఊరంతా గట్టు మీదకి వచ్చింది. పలకలో పొడిగా ఉన్న మళ్ళు కళ్ళ ముందు నీళ్ళలో ఉన్నాయి. పెద్దాయన ఒకడు నన్నడిగాడు, తలుపు ఎందుకు దించలేదని. "మా ఆయన వస్తున్నాడు," అన్నాను. "పలకలో ఎవరూ లేరు," అన్నాడు. "వస్తున్నాడు," అన్నాను మళ్ళీ.

అప్పుడు వదిన వచ్చింది, మోకాళ్ళ దాకా బురదతో, చేతిలో ఉప్పునీళ్ళకు వాలిపోయిన నారు గుప్పెడు. జనాన్ని తోసుకుని నా దగ్గరికే వచ్చింది, నన్నే తిట్టబోయింది. ఎందుకో చూపు పక్కకు తిరిగింది. తమ్ముడు పళ్ళు టకటకలాడిస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఒరేయ్ శేషుగా!" అంది. "నా నారంతా ముంచావు గదరా! ఆ గుండె పెట్టుకుని పోటులో ఎవడెళ్ళమన్నాడ్రా నిన్ను? బుద్ధుందా? ఇంకా ఆ తడిబట్టల్తోనే కూచున్నావేంది, చస్తావురా!"

వదిన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. చేతిలో నారు జారి పడింది. ఆయన తలెత్తి, "చలేస్తందక్కా," అన్నాడు. ఆవిడ బురదలోనే కూలబడి, పైట చెంగుతో తమ్ముడి తల తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూ తిడుతూనే ఉంది. పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. రేపు ఏమంటారో తెలియదు. ఉద్యోగం ఉంటుందో ఉండదో తెలియదు.

ఇప్పుడు ఆయన లాకు గదిలో పడుకుని ఉన్నాడు. పొడి బట్టలు వదిన తెచ్చింది. పొయ్యి మీద నీళ్ళు పెడుతోంది. పలక నా వీపు వెనక వెలుగుతోంది, అందులో రేపటి బొమ్మ వచ్చే ఉంటుంది. కుడిచేత్తో ఇది రాస్తున్నాను, ఎడంచెయ్యి ఆయన పాదం మీద ఉంది. పాదం ఇంకా చల్లగానే ఉంది. భయంగా ఉంది, చాలా భయంగా ఉంది. కలం పక్కన పెడితే రెండు చేతులతోనూ రుద్దచ్చు.